ఓబులేసు మామ అనని మాట

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున స్విండన్ నుంచి చంద్ర మా ఇంటికి వచ్చాడు. వెంట పన్నెండేళ్ల కూతురు ఆద్య, చేతిలో స్వీటు డబ్బా, భుజాన లాప్‌టాప్ సంచి. ఫోనులో "మీతో పనుంది ఆంటీ, ఎదురుగా కూర్చోని చెప్తా" అన్నాడే గాని పనేమిటో చెప్పలేదు. నార్తాంప్టన్‌లో మా గుమ్మం ఎక్కే తెలుగువాళ్లకు నాతో ఉండే పనులు రెండే. సంఘం ఉగాది సంచికకు కథ కావాలి, లేదా పిల్లకు తెలుగు నేర్పాలి. కథ లేదని, ట్యూషన్లు చెప్పనని రెండు జవాబులూ నోట్లో సిద్ధంగా పెట్టుకుని టీ కప్పులు ట్రేలో సర్దుకుని వచ్చాను. అతను లేచి నిలబడి, "నేను ఓబులేసు కొడుకును ఆంటీ. ఏటి అవతల ఓబులేసు," అన్నాడు. ట్రే కింద పడెయ్యకుండా బల్ల మీద పెట్టగలిగాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

ఓబులేసు కవి. పెన్నకు దక్షిణాన నాలుగెకరాల మెట్ట చేలో వేరుశనగ వేసుకుంటూ, ఆ మధ్యలో పద్యాలు రాసుకున్న మనిషి. పోయిన ఏడాది వానాకాలంలో చనిపోయాడు. ఆయన పద్యాలన్నీ ఏరి చంద్ర పుస్తకం వేస్తున్నాడట. మా నాన్న తన చిన్న పత్రికలో ఆయనతో జరిపిన సంభాషణ ఒకటి అచ్చు వేశాడు, దాన్ని కూడా చేరుస్తున్నాడట. "ఆయన్ను ఎవరైనా కూర్చోబెట్టి నీ రాత గురించి చెప్పప్పా అని అడిగింది ఆ ఒక్కసారే ఆంటీ. ఆ పని చేసింది మీ నాయన. మీరూ రచయిత్రే. ముందుమాట మీరు రాస్తేనే బాగుంటాది," అన్నాడు. లాప్‌టాప్ తెరిచి వెనక అట్ట చూపించాడు. ఓబులేసు మామ ముసలి ముఖం, కింద పెద్ద అక్షరాల్లో ఆయన మాట. "కవిత్వానికి కత్తికున్నంత పదును ఉండాలి. పదును పోయాక ఎంత గింజుకున్నా దండగే." మా నాయనను అందరూ ఈ మాటతోనే గుర్తు పెట్టుకున్నారు ఆంటీ, అని చంద్ర గర్వంగా అన్నాడు. ఆ మాట ఓబులేసు మామ అనలేదు. పద్నాలుగేళ్ల వయసులో నేను రాశాను.

మా నాన్నకు పెన్న ఒడ్డున చిన్న ఊళ్లో కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. వీధి వైపు గది ప్రెస్సు, వెనక రెండు గదులు ఇల్లు. పెళ్లి పత్రికలు, దినం కార్డులు, సినిమా హాలు నోటీసులు అచ్చేసుకుని, వాటిలో కోత పోగా మిగిలిన కాగితం పోగేసి, మూడు నెలలకొకసారి పదహారు పేజీల పత్రిక తెచ్చేవాడు. ఆ పత్రిక కోపంలో పుట్టింది. ఎవరో పెద్దమనిషి ఏదో సభలో "ఆ దక్షిణపు జిల్లాల్లో కరువు తప్ప కథేముంది" అన్నాడట. సభలో వాళ్లంతా నవ్వారట. మా నాన్న ఆ నవ్వు విని ఊరికి వచ్చి, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి, నాలుగో రోజు పత్రిక పెడుతున్నానని అమ్మతో చెప్పాడు. అందులో మొదటి సంచిక నుంచే "ఏటికి దక్షిణాన" అని ఒక శీర్షిక. మా వైపు నవలలు రాసేవాళ్లను, పద్యాలు కట్టేవాళ్లను వెతుక్కుంటూ పోయి, వాళ్ల ఇంట్లో కూర్చుని, ఎలా రాస్తావు, ఎందుకు రాస్తావు అని అడగడం, వాళ్లు చెప్పింది అచ్చేయడం, అదే ఆ శీర్షిక.

ఇల్లంతా ఇంకు వాసన, కిరసనాయిలు వాసన. అచ్చయిపోయిన అక్షరాలను నాన్న కిరసనాయిలుతో కడిగేవాడు. ఆ చేతులను సీకాయపొడితో ఎంత రుద్దుకున్నా వాసన పోయేది కాదు. అన్నం కలిపితే అన్నంలోకి, నా తల నిమిరితే నా జుట్టులోకి ఎక్కేది. బళ్లో నా పక్కన కూర్చునే పిల్లలు నన్ను "స్టవ్వు" అనేవాళ్లు. వంటింట్లోంచి మాత్రం కాఫీ వాసన. మా అమ్మది తెనాలి. పదిహేనేళ్లు మా ఊళ్లో కాపురం చేసినా జొన్నరొట్టె ఆమె చేతిలో గుండ్రంగా వచ్చేది కాదు, ఊరిబిండిని పచ్చడి అనడం మానేది కాదు. నేను వీధిలో నేర్చుకుని వచ్చి "యాడికి పోతాండావమ్మా" అంటే, "ఆ మాట కడుక్కుని మళ్లీ రా" అనేది. నిజంగానే నేను పెరట్లోకి పోయి నోరు పుక్కిలించి వచ్చి "ఎక్కడికి వెళ్తున్నావమ్మా" అనేదాన్ని. అప్పుడు నవ్వి బెల్లం ముక్క పెట్టేది. బెల్లం ముక్కతో ఏ భాషైనా వస్తుంది.

ఆదివారం నాన్న ప్రయాణం. ఫోటో స్టూడియో అతని దగ్గర టేపు రికార్డరు అడిగి తెచ్చుకుని, తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేవాడు. సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని తిరిగి వచ్చేవాడు. వెంట ఒక క్యాసెట్టు, వాళ్లింట్లో పెట్టిన సీతాఫలాలో వేరుశనక్కాయలో. రికార్డరు మంగళవారానికి తిరిగి ఇచ్చెయ్యాలి. నాన్నకు చెవి కొంచెం మందం, అందుకని క్యాసెట్టు విని రాసిపెట్టే పని నాకు వచ్చింది. బడి నుంచి రాగానే పెరటి గట్టు మీద రికార్డరు పెట్టుకుని, స్పీకరుకు చెవి ఆనించి, ఒక వాక్యం విని ఆపి, రాసి, మళ్లీ విని, పొద్దు గూకే దాకా కూర్చునేదాన్ని. అలా మా వైపు రచయితల గొంతులన్నీ, ఓబులేసు మామది తప్ప ఒక్కరి ముఖమైనా చూడకుండా, నాకు తెలుసు. ఒకాయన బస్సు కండక్టరు, నవలలు రాసేవాడు. మీ అధ్యాయాలు ఇంత పొట్టిగా ఎందుకుంటాయని నాన్న అడిగితే, "మా రూట్లో స్టాపులు దగ్గర దగ్గరన్నా, నేనేం జేసేది," అన్నాడు. ఒకావిడ కవయిత్రి. చేతులు ఖాళీగా ఉంటే నోట్లో మాట రాదని చెప్పి, మాట్లాడినంతసేపూ శనక్కాయలు ఒలిచింది. ఆ క్యాసెట్టు నిండా టపటపమని తొక్కలు పగిలే చప్పుడే. ఆ చప్పుళ్ల మధ్య ఆవిడ మాటలు ఏరుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అప్పట్లో నాకు ఉన్న గర్వం ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. కండక్టరు "జేసేది" అంటే నేను "చేసేది" అని రాసేదాన్ని. "పోతాంటి" అంటే "వెళ్తుండేవాడిని". మొదట్లో అంతే. తర్వాత వాక్యాలు కూడా దిద్దడం మొదలుపెట్టాను. నాన్న ఒకసారి చూసి, "వాళ్ల మాట వాళ్ల మాదిరే ఉండనీ పాపా," అన్నాడు. అమ్మ వంటింట్లోంచే, "అచ్చులో యాస వేస్తే మళ్లీ నవ్వుతారండీ," అంది. ఆ 'మళ్లీ' అనే మాటతో నాన్న ఆ సంగతి వదిలేశాడు. ఎవరూ నవ్వకూడదనే కదా ఆయన పత్రిక పెట్టింది. నేను రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, గళ్లలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చేవాడు. అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉండే ఆ అక్షరాలను ఆయన మనం మామూలు పుస్తకం చదివినంత వేగంగా చదివేవాడు. కాని ఆయనే చెప్పేవాడు, పేర్చేటప్పుడు అక్షరం తప్ప అర్థం కనపడదని. ఇంటికి వచ్చినవాళ్లకు అమ్మ నా కాగితాలు చూపించి, మా అమ్మాయివి ముత్యాలండీ అనేది. చేతిరాతనో భాషనో చెప్పేది కాదు, నేను రెండూ అనుకునేదాన్ని.

ఓబులేసు మామ ఒక్కడే మా ఇంటికి వచ్చే రచయిత. సంతకు వచ్చినప్పుడల్లా ప్రెస్సులోకి తొంగి చూసి, "ఉండావా అన్నా" అని, నాన్న పక్కన గోనెపట్ట మీద చతికిలబడేవాడు. పద్యం రాసిన కాగితం రుమాలు మడతలోంచి తీసేవాడు. నన్ను "పాపా, నీకు ఎన్నో క్లాసు" అని ప్రతిసారీ కొత్తగా అడిగేవాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ గటగటా తాగేసి గ్లాసు తనే కడిగి బోర్లించి పోయేవాడు. ఆయనకు అక్షరాలు నేర్పి, ఛందస్సు దిద్దింది ఆ పక్క ఊరి బడిపంతులు ఒకాయన. పంతులుగారికి అప్పటికే ఎనభై దగ్గరపడ్డాయి. చూపు తగ్గినా, చెయ్యి వణికినా పద్యాలు రాస్తూనే ఉండేవాడు. ఆ వణుకుడు రాతను ఓబులేసు మామే సాపు రాసి తెచ్చి మా పత్రికకు ఇచ్చేవాడు. తన పద్యం నాన్నకు ఇచ్చేటప్పుడు కంటే పంతులుగారిది ఇచ్చేటప్పుడు ఎక్కువ సిగ్గుపడేవాడు.

ఒక ఆదివారం నాన్న ఏరు దాటి పోయి ఆయనతో మాట్లాడి వచ్చాడు. సోమవారం నేను క్యాసెట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఇంచుమించు చివర్లో నాన్న గొంతు, "పద్యం ఎప్పుడు రాయాలనిపిస్తాది ఓబులేసూ నీకు?" అని అడిగింది. ఓబులేసు మామ గొంతు, "పదునుండంగనే రాయాలన్నా. పదును పాయనంటే ఇంగ గింజేసినా దండగ," అంది. కాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత మెల్లగా, "మా పెద్దోడు పోయినాక మూడేండ్లు నాకు పదునే ల్యాకపాయ," అంది.

ప్రెస్సులో పుట్టి పెరిగినదాన్ని. పదును అంటే నాకు తెలిసింది ఒక్కటే, కాగితం కోసే పెద్ద కత్తి పదును. "పదును పోయింది, పట్టించాల" అని నాన్న వారానికొకసారైనా అనేవాడు. వాన పడ్డాక నేల లోపల నిలిచే తేమను కూడా పదును అంటారని, ఆ పదును చూసుకునే రైతు విత్తనం వేస్తాడని, అది ఆరితే వేసిన గింజ మట్టిలోనే చచ్చిపోతుందని నాకెవరూ చెప్పలేదు. మా ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టు తప్ప సేద్యం లేదు. పైగా ఆ పాత క్యాసెట్టు బరబరలో "గింజేసినా" అన్నది నాకు "గింజుకున్నా" అని వినపడింది. అప్పుడు అంతా చక్కగా అతికింది. కత్తి మాట ఆయన మర్చిపోయాడనుకుని నేనే చేర్చాను. మూడేళ్లు పదును లేకపోవడం ఏమిటో అర్థం కాలేదు. ఎలాగూ రెండు పేజీలే ఉన్నాయి, చావు మాట పత్రికలో ఎందుకని ఆ వాక్యం తీసేశాను. అమ్మకు చదివి వినిపిస్తే, "ఎంత బాగా చెప్పాడే, మొరటు మనిషనుకున్నాను," అంది.

పత్రిక వచ్చిన రెండు వారాలకు ఓబులేసు మామ వచ్చాడు. అది సంత రోజు కాదు. గోనెపట్ట మీద కూర్చోలేదు. "అన్నా, నేను కత్తి అన్ల్యా," అన్నాడు నిలబడే. "కత్తి మాట నాకాడ యాడిదన్నా? నేను జెప్పింది నేల పదును." నేను తలుపు చాటున పుస్తకం పట్టుకుని ఉన్నాను. నేల పదును అన్న మాట చెవిన పడగానే నాకు మొత్తం తెలిసిపోయింది. గింజ ఏమిటో, మూడేళ్లు ఏమిటో, ఆ మధ్యలో శబ్దం లేకపోవడం ఏమిటో. ఓబులేసు మామ చెబుతున్నాడు. పంతులుగారికి ఎవరో పత్రిక చదివి వినిపించారట. పదును పోయాక ఎంత గింజుకున్నా దండగే అని నా శిష్యుడు నా గురించే అన్నాడు, చేతులు వణికేవాణ్ణి నేనే కదా, అన్నాడట ఆయన. ఇంటికి పోతే తలుపు తీయలేదట. "మూడు తూర్లు పోయినా అన్నా. లోపల్నే ఉండాడు, దగ్గు ఇనపడతాంది," అన్నాడు ఓబులేసు మామ. అంత వయసు మనిషి, ఆ మాట చెబుతూ గోడ వైపు తిరిగాడు.

నాన్న నన్ను పిలిచాడు. చేతులకు ఇంకు ఉంది, తుడుచుకోలేదు. "టేపులో ఉండిందే రాసినావా పాపా?" అని అడిగాడు. చాలా మామూలుగా అడిగాడు. తప్పయిందంటే తప్పయిందని అచ్చేసేవాడు, అంతకంటే ఏమీ అనేవాడు కాదు. ఆయన సంగతి నాకు తెలుసు. కాని వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ముత్యాలని నలుగురికీ చెప్పుకున్న అమ్మ. "ఉండిందే రాశాను నాన్నా," అన్నాను. "సరే, టేపు పెట్టి ఇందాం," అన్నాడు నాన్న. "దాని మీద వేరేది రికార్డయిపోయింది," అన్నాను. మా దగ్గర ఉన్నవి నాలుగే క్యాసెట్లు, ఒకదాని మీద ఒకటి చేసుకోవడం అలవాటే, అందుకని ఆ మాట సులభంగా అతికింది. అబద్ధానికి కూడా అతుకు బాగా కుదరాలి. నాన్న ఓబులేసు మామ వైపు తిరిగి, మెల్లగా, "మా పాప అబద్ధం చెప్పదు ఓబులేసూ. నువ్వే మాట జారింటావు," అన్నాడు. ఓబులేసు మామ నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఎన్నో క్లాసని అడిగేటప్పుడు చూసినట్టే చూశాడు. అమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయన తాగకుండా వెళ్లిపోయాడు.

పంతులుగారు ఆ ఎండాకాలమే పోయాడు. తలుపు తీయకుండానే పోయాడు. ఓబులేసు మామ మా ప్రెస్సుకు మళ్లీ రాలేదు, పద్యం పంపలేదు. ఆ మాట మాత్రం కాళ్లొచ్చినట్టు ఊళ్లు తిరిగింది. సభల్లో చెప్పుకున్నారు, వేరే పత్రికలు ఎత్తి రాసుకున్నాయి, ఆవేశంగా రాసే కుర్రవాళ్లు గోడల మీద కూడా రాశారు. ఓబులేసు అంటే కత్తిలాంటి మనిషి అని పేరు స్థిరపడింది. కొన్నాళ్లు ఆయన కాదు కాదన్నాడట, తర్వాత అనడం మానేశాడట. నాన్న ఆ తర్వాత రెండేళ్లు పత్రిక నడిపి ఆపేశాడు. ముసలితనంలో, ఏ సందర్భమూ లేకుండా, "పాపా, ఓబులేసు ఆ పొద్దు మజ్జిగ గూడా తాగల్యా సూడు," అనేవాడు. ప్రతిసారీ నేను ఊఁ అన్నాను. చెప్పెయ్యడానికి అంతకంటే మంచి అదను ఏం కావాలి? ఊఁ అన్నాను. నాన్న పోయాక ఆ ఊఁ అనడానికి కూడా ఎవరూ లేకపోయారు.

పెళ్లయి ఈ దేశం వచ్చాక నాకు దొరికిన ఉద్యోగం తలచుకుంటే నవ్వూ ఏడుపూ వస్తాయి. ఒక సర్జరీలో, ఇక్కడ డాక్టరు క్లినిక్‌ను అలాగే అంటారు, డాక్టర్లు టేపులో చెప్పిన ఉత్తరాలు విని టైపు చేసే పని. ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. ఒక డాక్టరు వాక్యం మధ్యలో తుమ్మితే ఆ తుమ్ము తప్ప అన్నీ టైపు చేశాను. అర్థం కాకపోతే గీత గీసి, అర్థం కాలేదు అని పక్కన రాసేదాన్ని. నీ అంత జాగ్రత్త ఎవరికీ లేదని మా మేనేజరు ఒకసారి అందరి ముందూ మెచ్చుకుంది. ఇంటికి వచ్చి ఏడ్చాను. ఇప్పుడు ఆ పని మనుషులు చేయడం లేదు, ఫోను దానంతటదే విని రాసేస్తుంది. మొన్న ఎవరో నాతో వీడియోలో మాట్లాడించి, దాని కింద అక్షరాలు అవే పడేట్టు పెట్టారు. నేను అన్న సగం మాటలు అందులో లేవు, ఉన్నవి నేను అనలేదు. ఆ యంత్రానికి సిగ్గు లేదు, అబద్ధమాడే అవసరమూ లేదు. తప్పు రాసి ఊరుకుంటుంది. చిన్నప్పుడు నేను అంత అదృష్టవంతురాలిని కాలేదు.

చంద్ర ముందుమాట సంగతి మళ్లీ ఎత్తాడు. నేను లేచి పై గదిలోకి పోయి ఓబులేసు మామ క్యాసెట్టు తెచ్చాను. నాన్నతో అబద్ధమాడిన రోజే దాన్ని ట్రంకు పెట్టెలో నా గౌన్ల కింద దాచాను. పారెయ్యడానికి ధైర్యం చాలలేదు, వినడానికీ చాలలేదు. నాతోపాటే ఈ దేశం వచ్చింది. లాఫ్ట్‌లోంచి పాత టూ-ఇన్-వన్ కూడా దించి, దుమ్ము తుడిచి, ప్లగ్గు పెట్టి, ముందు నోటితో అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. ఆద్య ఫోను పక్కన పెట్టి నన్నే చూస్తోంది. తర్వాత బటన్ నొక్కాను. బరబర మధ్యలోంచి మా నాన్న గొంతు వచ్చింది, దాని వెనక ఎక్కడో ఎద్దు మెడ గంట, ఆ తర్వాత ఓబులేసు మామ. "మా పెద్దోడు పోయినాక మూడేండ్లు నాకు పదునే ల్యాకపాయ." చంద్ర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విన్నాడు. నాలుగుసార్లు విన్నాడు.

"మా అన్న పేరు ఆయన నోట్లో నేను ఒక్కసారి గూడా ఇన్ల్యా ఆంటీ," అన్నాడు చివరికి. "మా అమ్మ చెప్తేనే తెలుసు, నాకంటే ముందు ఒకడు పుట్టి పోయినాడని. కత్తి మాదిరి మనిషి, కండ్లల్లో తడి ల్యాదు అనుకుంటి. ఆ మాట చదివి ఇంకా అట్లనే అనుకుంటి."

ఆద్య, "వాట్ ఈజ్ పదును, డాడ్?" అంది. చంద్ర క్యాసెట్టు మళ్లీ వెనక్కి తిప్పుతున్నాడు. నేను ఆ పిల్లను వెనక తలుపు దగ్గరికి తీసుకుపోయి, గార్డెన్‌లో మట్టి పిడికెడు తీసి ఆమె చేతిలో పెట్టాను. పిండితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి, అది పదును అని చెప్పాను. పిండి చూసి, "బట్ ఆంటీ, ఇక్కడ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది," అంది. నిజమే. ఇక్కడ ఏ నెలలో తవ్వినా నేల చెమ్మగానే ఉంటుంది, అందుకే దానికోసం ఎవరూ కాచుకుని కూర్చోరు. మా వైపు ఆ ఒక్క తేమ కోసం మనుషులు వానాకాలమంతా ఆకాశం చూస్తూ ఉండేవాళ్లు. ఆ పిల్లకు అది నేను మాటల్లో చెప్పలేకపోయాను.

లోపలికి వచ్చేసరికి చంద్ర లాప్‌టాప్ మూసేశాడు. అట్ట మీద ఏం వెయ్యాలని నన్ను అడగలేదు. గొంతు పెంచకుండా, "మా నాయన పోయిన యేడాది దాకా బతికే ఉన్న్యాడు ఆంటీ," అన్నాడు. "సెల్లు గూడా ఉన్నింది ఆయనకు. ఒక్క ఫోను చేసింటే సరిపోయేది."

ఆ మాటకు నేను సిద్ధంగా లేను. సిద్ధంగా ఉండాల్సింది. "చేశాను చంద్రా," అన్నాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఓబులేసు మామ నంబరు హైదరాబాదులో ఒక సంపాదకుణ్ణి అడిగి తీసుకున్నాను. మా నాన్న చనిపోయిన నెలలో మొదటిసారి చేశాను. "ఎవరూ?" అన్నాడు. ముసలి గొంతే, అయినా గుర్తుపట్టాను. మాట రాలేదు, పెట్టేశాను. రెండోసారీ అంతే. మూడోసారి ఆయన ఎవరని అడగలేదు. "బువ్వ తిన్న్యావా?" అన్నాడు. ఎవరనుకుని అడిగాడో నాకు తెలియదు. ఆయన పెట్టెయ్యలేదు, ఊపిరి వినపడుతూనే ఉంది. నేనే పెట్టేశాను.

చంద్రకు కోపం వస్తుందనుకున్నాను, రావాలని కూడా కోరుకున్నాను. కోపం కాదు.

"ఇంగ్లండు నంబరు చూసి నేననుకున్న్యాడు ఆంటీ," అన్నాడు. "ఆ తూర్లన్నీ ఎంటనే నాకు ఫోను చేసినాడు. ఇప్పుడు చేసింది నువ్వేనా, మాట రాల్యా, ఏమైంది నాయనా, ఏడుస్తాండావా అని. నేను కాదంటే నమ్మల్యా. మామూలుగా మేము రెండు నిమిషాలు మాట్లాడేదే గగనం. ఆ తూర్లు మాత్రం గంట గంట మాట్లాడె. పాప ఇస్కూలు, నా పని, చేలో పంట, అన్నీ అడిగె. మా నాయనతో నేను అంతసేపు మాట్లాడింది ఎప్పుడంటే ఆ మూడు దినాలే."

ఆద్య తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. దాని వేళ్లకు ఇంకా మట్టి ఉంది. చంద్ర తల వంచుకుని, నన్ను చూడకుండా అడిగాడు.

"ఇంగో తూరి చేసింటే ఇంగో గంట మాట్లాడుండు మా నాయన. మూడు తూర్లేనా ఆంటీ మీరు చేసింది?"